కొయ్యచీలతో నిలిచిన ఓక్ బల్ల

ఆవిరియంత్రంతో, నూలుమిల్లుతో ప్రపంచపు పనితీరునే మార్చేసిన ఇంగ్లాండులో, ఇవాళ చదువుకున్న మధ్యతరగతివారు కొందరు సెలవురోజుల్లో డబ్బు కట్టి మరీ పచ్చి దుంగను చేత్తో చీల్చి, కరెంటు పనిముట్టు ఒక్కటీ ముట్టకుండా, 17వ శతాబ్దపు తీరులో చిన్న ఓక్ బల్ల చేయడం నేర్చుకుంటుండటం, అక్కడ స్థిరపడిన తెలుగువారికి మొదట అంతుపట్టదు. వడ్రంగాన్ని కులవృత్తిగానే ఎరిగిన సమాజం నుంచి వెళ్లినవారికి ఇదంతా తీరిక ఉన్నవారి వ్యాపకంగా కనిపిస్తుంది గాని, ఆ బల్లను దగ్గరగా పరిశీలిస్తే, రాజుల వరుసలోనూ యుద్ధాల తేదీల్లోనూ దొరకని ఇంగ్లాండు చరిత్ర చాలావరకు దాని కాళ్లలో, పట్టెల్లో, చీలల్లో ఉందని తెలుస్తుంది.

1680 ప్రాంతపు నమూనా అయితే, అది గోడవారగా వేసుకునే బల్ల. మనిషి నడుముకు కాస్త దిగువగా ఉండే ఎత్తు, తరిణె పట్టిన నాలుగు కాళ్లు, పైపలకల కింద ఒక సొరుగు, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తున కాళ్లను కలిపే అడ్డకర్రలు. మూడు వైపులా నగిషీ ఉండి, గోడకు ఆనే నాలుగోవైపు ఏ అలంకారమూ లేకుండా, కొన్నిసార్లు గొడ్డలి దెబ్బలు కూడా చెరపకుండా వదిలేసి ఉంటుంది. పాత బల్లల్లో ఆ కింది అడ్డకర్రల పైఅంచు మధ్యలో అరిగి పల్లంగా కనిపించడానికి కారణం, రాతినేల చలికి ఓర్వలేక తరతరాల మనుషులు కూర్చున్నప్పుడల్లా పాదాలు వాటి మీద పెట్టుకోవడమే.

ఈ బల్ల పని రంపంతో మొదలుకాదు. ఓక్ చెట్టులో నడిమి నుంచి బెరడువైపు అన్ని దిక్కులా పరుచుకుపోయే పలుచని కణపొరలు ఉంటాయి. దుంగ ఆ పొరల వెంబడి సులువుగా చీలుతుంది. ఒక అంచు పదునుగా ఉండే ఇనుప దిమ్మెలను, అంటే వెడ్జీలను, దుంగ కొసలో దిగ్గొట్టి దాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీల్చాక, ఫ్రో అనే మొద్దు కత్తిని గూటంతో లోపలికి దించి, దాని నిలువు పిడిని గుంజితే, పలక నార ఎటు పోతే అటే విడివడుతుంది. ఇలా వచ్చిన పలక మీద వెండి తళుకుల్లాంటి మచ్చలు తేలతాయి. అంతకంటే ముఖ్యం, అది ఆరేటప్పుడు వంకర తిరగదు. ఓక్ తన వలయాల వెంబడి కుంచించుకునేది నడిమి నుంచి బయటికి కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు కాబట్టి, ఆ రెండో దిశలో చీల్చిన పలకకు కష్టం తక్కువ. చేవ పట్టని తెల్లభాగాన్ని పురుగు తింటుంది కనుక గొడ్డలితో దాన్ని ముందే చెక్కేస్తారు. పచ్చి ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. తడి పలక మీద గొడ్డలిని కాసేపు మరచి వదిలితే చాలు, ఇనుము తగిలినంత మేరా నీలం కలిసిన నల్లమచ్చ పడుతుంది.

చీల్చడానికి పనికొచ్చే చెట్టు ఏదో తెలుసుకోవడమే ఒక విద్య. ఓడలు కట్టేవారు విశాలంగా కొమ్మలు చాచిన చెట్లలో సహజంగా వంగిన దుంగల కోసం వెతికితే, బల్లలు చేసేవారికి తోపులో ఒత్తుగా, నెమ్మదిగా, నిటారుగా పెరిగిన, ముడులు లేని మొదలు కావలసివచ్చేది. నౌకాదళానికి కలప కరువవుతుందన్న బెంగ ఆనాడు ఎంతగా ఉండేదంటే, రాయల్ సొసైటీ తరఫున జాన్ ఎవెలిన్ 1664లో చెట్ల పెంపకం గురించి ‘సిల్వా’ అనే పెద్ద గ్రంథమే వెలువరించాడు.

ఆ బల్ల ముందు నిలబడిన తెలుగువారికి వసారాలో వాల్చిన మంచం గుర్తుకు రాక మానదు. ఆ పోలిక పైపైది కాదు. తరిణె పట్టిన నాలుగు కోళ్లు, వాటిలో తొలిచిన గాడుల్లోకి దూరే పట్టెల కొసలు, మేకు లేని కూర్పు, ఇవన్నీ రెండింటికీ ఉమ్మడివే. తేడా అంతా ఆ కూర్పును బిగించి ఉంచే శక్తిలో ఉంది. నులకమంచంలో ఆ పని తాడుది. అల్లిన నులక ఎదురెదురు పట్టెలను లోపలికి లాగుతూ కోళ్లను వదులు కానివ్వదు, అది సడలితే కాళ్లవైపు మళ్లీ బిగిస్తారు, విప్పేస్తే మంచాన్ని ఊడదీసి ఇంకో ఊరు తీసుకుపోవచ్చు. ఓక్ బల్లలో ఆ పని చిటికెన వేలంత సన్నని కొయ్యచీలది. మొదట కాలికి అడ్డంగా, గాడి గుండా బెజ్జం వేస్తారు. పట్టె కొసను గాడిలోకి దూర్చి, బెజ్జం ఎక్కడ పడిందో గుర్తుపెట్టి, బయటికి తీసి, కొసలోని బెజ్జాన్ని ఆ గుర్తుకు సరిగ్గా కాక, పట్టె భుజంవైపు, అంటే కొస మొదలయ్యే చోటువైపు, ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి వేస్తారు. ఆరిన ఓక్‌ను చీల్చి, కొస సన్నగా చెక్కిన చీలను ఈ కలవని బెజ్జాల గుండా కొట్టినప్పుడు అది వంగి పోతూ పట్టెను కాలిలోకి గుంజుతుంది; జిగురు చుక్క అక్కరలేకుండా అతుకు మూసుకుపోతుంది, ఒకసారి వంగిన చీల మళ్లీ సులువుగా ఊడిరాదు. ఇంతటి నేర్పు మంచం చేసిన ఊరి వడ్రంగికీ ఉండేది. అతనికి కళ్లంలో కొలిచిన మేర గింజలు దక్కాయి గాని, అతని కొలతలను ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేదన్న కోరిక దూరదేశంలో మరింత బలంగా కలుగుతుంది.

ఇంగ్లాండులో అలాంటి కొలతల వెనుక వృత్తిసంఘాలు ఉండేవి. లండన్ జాయినర్ల సంఘానికి, అంటే ఇలా గాడీ కొసా కలిపి సామాను చేసేవారి సంఘానికి, 1571లో ఎలిజబెత్ రాణి అధికారపత్రం ఇచ్చింది. ఇళ్లు కట్టే కార్పెంటర్లకూ వీరికీ పని హద్దుల తగవు ముదరగా, 1632లో నగర ఆల్డర్మన్‌ల సభ గాడీ కొసా అతుకులూ జిగురు పనీ జాయినర్లకు, పలకలు పరిచి మేకులు కొట్టే పని కార్పెంటర్లకు అని పంచింది. ఒక అతుకు ఎవరి హక్కో నగరసభ తేల్చవలసి వచ్చిందంటే, దాని మీద ఎన్ని కుటుంబాల తిండి ఆధారపడి ఉండేదో ఊహించవచ్చు.

పనివివరం మాత్రం సంఘాల గోడలు దాటి అచ్చయింది. రాజుగారి పటాల పనివాడూ ముద్రాపకుడూ అయిన జోసెఫ్ మాక్సన్ 1678లో నెలనెలా వెలువరించడం మొదలుపెట్టిన ‘మెకానిక్ ఎక్సర్‌సైజెస్’లో కమ్మరి, జాయినర్, కార్పెంటర్, తరిణె పనివారి పద్ధతులను వివరించాడు. ఇక పనిముట్ల సంగతికొస్తే, 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఓడలో వడ్రంగులవి దొరికాయి. ఇనుము చాలావరకు తుప్పుపట్టి పోయినా చిత్రికల కొయ్యభాగాలూ పిడులూ నిలిచాయి, వాటిని పోర్ట్స్‌మత్‌లో చూడవచ్చు. మిగిలిన పాఠం పాత సామాను మీది గుర్తులే చెబుతాయి: గాడి కోసం గీసిన జంటగీతలు ఇప్పటికీ కాలి మీద కనిపిస్తాయి, సొరుగు లోపల చిత్రిక పట్టని గరుకుతనం చేతికి తగులుతుంది. అతుకు భుజం దగ్గర వెంట్రుకవాసి తేడా సహించని పనివాడే, కన్ను పడనిచోట ఒక్క దెబ్బ కూడా అదనంగా కొట్టలేదు. ఈ పొదుపు చేతిపని చేసి చూసినవారికే పూర్తిగా అర్థమవుతుంది. పచ్చికర్రను కాలితో తొక్కే తరిణె మీద గుండ్రంగా తీర్చిన కాలు ఆరాక గుండ్రంగా ఉండదు. రెండు దిక్కులా కొలిస్తే తేడా తేలుతుంది. పాతదో, పాతదని అమ్మేదో తెలుసుకోవడానికి ఇది మంచి ఆధారం.

ఓక్ కథలో రాజులకూ చోటుంది. 1651లో యుద్ధంలో ఓడిన రాజు రెండో చార్లెస్‌ను బోస్కొబెల్ వద్ద ఒక ఓక్ చెట్టు దాచింది. ఆ జ్ఞాపకంతోనే రాయల్ ఓక్ పేరుగల పబ్బులు దేశమంతటా ఉన్నాయి. 1660లో అతడు తిరిగివచ్చాక ఫ్రెంచి, డచ్చి అభిరుచులు ప్రబలి, సంపన్నుల గదుల్లో ఓక్‌కు బదులు వాల్‌నట్ వచ్చింది. ఓక్ పల్లె జాయినర్ల చేతిలో బతికింది. 1721 చట్టం వలస ప్రాంతాల కలప మీద దిగుమతి సుంకం ఎత్తేయడంతో కరీబియన్ దీవుల నుంచి మహాగని వచ్చిపడింది. ఆ నునుపైన ఎర్రచెక్కను అడవుల్లో నరికినవారు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వారి సంతానం. మ్యూజియంలో మహాగని బల్లల అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఊరి తోపులోని చెట్టుతో ఊరివాడు చేసిన ఓక్ బల్ల మీద అక్కడివారికున్న గౌరవానికి ఇది కూడా తగిన కారణమే.

చివరిది రంగు. 19వ శతాబ్దం నుంచి కార్ఖానాలు పాతకాలపు తీరులో చేసిన సామానుకు ముదురు రంగు పూయడంతో, పాత ఓక్ మొదటినుంచీ నల్లగా ఉండేదన్న అపోహ స్థిరపడింది. నిజానికి కొత్త ఓక్‌ది లేత తేనెరంగు. పొగ, వెలుతురు, మైనం, చేతిజిడ్డు కలిసి దాన్ని నల్లబరిచాయి. అమ్మోనియా ఆవిరిలో ఉంచితే టానిన్ వల్ల ఒకటి రెండు రోజుల్లోనే ముదురురంగు వస్తుంది గాని, నిజాయితీగా చేసిన బల్లకు అవిసెనూనె, తేనెమైనం చాలు. బల్ల ఇంట్లోకి చేరాక, రేడియేటర్ల పొడివేడికి మొదటి చలికాలంలోనే పైపలకల మధ్య సన్నని సందులు పడతాయి. వాటిని లప్పంతో పూడిస్తే తేమకు చెక్క తిరిగి ఉబ్బినప్పుడు పలకకు చోటుండదు కనుక, వాటిని అలాగే వదిలేయాలి.