మాయకు నియమం, నియమానికి లొసుగు: ఫాంటసీ సాహిత్యంలో తర్క పరిణామం

వ్యాససంగ్రహం:
ఫాంటసీ సాహిత్యంలో మాయాశక్తికి నియమాలు ఉంటాయి. ఆ నియమాలలోని తార్కిక లొసుగులను విమర్శకులు సాధారణంగా రచనాదోషాలుగా పరిగణిస్తారు. వరం, జోస్యం వంటి ప్రాచీన రూపాల నుండి ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల ఫాంటసీ వరకు ఈ లొసుగు స్వభావం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ లొసుగు కథకు బలమవుతుంది, ఏది దోషమవుతుంది అన్న ప్రశ్నకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫాంటసీ, మాయానియమం, వరం, జోస్యం, టోల్కీన్, హ్యారీ పాటర్, పాతాళభైరవి.

1. ఉపోద్ఘాతం:
మాయ ఉన్న కథలో తర్కానికి పని లేదన్నది తరచుగా వినిపించే అభిప్రాయం. ఫాంటసీ రచయితలు మాత్రం మొదటినుంచీ దీనికి భిన్నమైన వాదమే చేశారు. జార్జ్ మాక్‌డొనాల్డ్ 1893లో వెలువడిన ‘ది ఫెంటాస్టిక్ ఇమాజినేషన్’ అనే వ్యాసంలో, కల్పిత లోకానికి రచయిత కొత్త ప్రకృతి నియమాలను ఏర్పరచుకోవచ్చునని, ఒకసారి ఏర్పరచిన తరువాత వాటికి కట్టుబడి ఉండాలని పేర్కొన్నాడు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, కల్పిత జగత్తుకు అంతస్సంగతి ఉంటేనే పాఠకుడి విశ్వాసం నిలుస్తుందని వాదించాడు. ఆ ప్రసంగం 1947లో వ్యాసరూపంలో అచ్చయింది. నియమం ఉన్నచోట దాని హద్దు కూడా ఉంటుంది. ఆ హద్దు వద్దనే లొసుగు పుడుతుంది.

2. మాటలో పుట్టిన లొసుగు:
ప్రాచీన కథలలో మాయానియమం ఒక వాక్యం. దాని లొసుగు కూడా ఆ వాక్యంలోనే ఉంటుంది. పోతన భాగవతం సప్తమ స్కంధంలోని హిరణ్యకశిపుని వృత్తాంతం తెలుగువారికి సుపరిచితమైన ఉదాహరణ. అతడు కోరుకున్నది మరణం లేని స్థితి. పొందినది మరణ కారణాలను నిషేధించే ఒక జాబితా. పగలు, రాత్రి, నేల, నింగి, మనిషి, మృగం అంటూ ద్వంద్వాలను పేర్కొంటే సమస్తం అందులో ఇమిడిపోతుందని అతడు భావించాడు. రెండింటి నడుమ మూడవ స్థితి ఒకటి ఉండవచ్చునన్నది అతని ఊహకు అందలేదు. నరసింహుడు ఆ నడిమి స్థితులలోనే ప్రత్యక్షమయ్యాడు. సంధ్యవేళ, గడపమీద, తొడలపై, ఆయుధం కాని గోళ్లతో సంహారం జరిగింది. వరంలోని ఒక్క షరతు కూడా భంగం కాలేదు. బ్రహ్మ మాట నిలిచింది, అధర్మమూ కూలింది. ఇక్కడ లొసుగు లేకపోతే కథే లేదు.

టోల్కీన్ ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ (1955)లో నాజ్‌గూల్ నాయకుని మరణం ఇదే కోవకు చెందుతుంది. అతడు ‘మాన్’ చేతిలో పడడని జోస్యం. ఆంగ్లంలో ఆ పదానికి మానవుడు, పురుషుడు అనే రెండర్థాలు ఉన్నాయి. అతనిని మొదట గాయపరచిన మెర్రీ హాబిట్ కనుక మానవజాతికి చెందడు. ప్రాణం తీసిన ఎయోవిన్ స్త్రీ కనుక పురుషుడు కాదు. ఒకే పదంలోని రెండర్థాలు ఇద్దరికీ చెరొక దారి తెరిచాయి. తెలుగులో ‘మనిషి’ అంటే ఎయోవిన్‌కు దారి మూసుకుపోతుంది. ‘మగవాడు’ అంటే మెర్రీకి మూసుకుపోతుంది. మాటలో పుట్టిన లొసుగు ఆ భాషకే కట్టుబడి ఉంటుందని, అనువాదకుడికి అది కేవలం పదసమస్య కాదని, కథానిర్మాణ సమస్య అని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. వ్యవస్థలో పుట్టిన లొసుగు:
జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బావ్’ (1890)లో మంత్రవిద్యకు సాదృశ్యం, సంసర్గం అనే రెండు సూత్రాలను గుర్తించాడు. ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్, ఫ్లెచర్ ప్రాట్ 1940లో ‘అన్‌నోన్’ పత్రికలో ప్రచురించిన హెరాల్డ్ షే కథలలో ఆ సూత్రాలనే కల్పిత లోకాల భౌతికశాస్త్రంగా మార్చారు. నార్స్ పురాణలోకంలో అడుగుపెట్టిన నాయకుడి తుపాకీ, అగ్గిపుల్లలు పనిచేయవు. మంత్రం పనిచేస్తుంది. ఈ దశలో మాయానియమం ఎవరో ఇచ్చిన మాట కాదు, అందరికీ సమానంగా వర్తించే ప్రకృతిసూత్రం.

లారీ నివెన్ 1969లో రాసిన ‘నాట్ లాంగ్ బిఫోర్ ది ఎండ్’ కథ ఈ ధోరణిని చివరిదాకా తీసుకువెళ్లింది. అందులో మంత్రశక్తికి మూలమైన ‘మానా’ తరిగిపోయే వనరు. ఒక మాంత్రికుడు ఒక చక్రాన్ని నిరంతరం వేగం పెంచుకుంటూ తిరిగేలా చేసి, అది విచ్ఛిన్నం కాకుండా మరో మంత్రంతో నిలుపుతాడు. ఆ ప్రాంతంలోని మానా అంతా ఖర్చయిపోతుంది. ప్రత్యర్థి మంత్రఖడ్గంతోపాటు అతని స్వంత యౌవనం కూడా నశిస్తుంది. ఈ లొసుగు పదాల నుండి పుట్టలేదు, నియమపు తార్కిక పర్యవసానం నుండి పుట్టింది. దానిని వాడుకున్నవాడు మూల్యం చెల్లించాడు.

4. మిగిలిపోయిన లొసుగు:
జె.కె. రౌలింగ్ ‘హ్యారీ పాటర్ అండ్ ది ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్’ (1999)లోని టైమ్ టర్నర్ భిన్నమైన సమస్యను ముందుకు తెస్తుంది. గతంలోకి తీసుకుపోయే ఈ సాధనం ఒక విద్యార్థిని అదనపు తరగతులకు హాజరు కావడానికి లభిస్తుంది. అటువంటప్పుడు మహావిపత్తులను ఆపడానికి దానిని ఎవరూ ఎందుకు వాడలేదన్న ప్రశ్న సహజం. నిశితంగా చదివితే ఆ నవలలో గతం ఎక్కడా మారలేదు. హ్యారీ తనను రక్షించిన వెలుగును ముందే చూశాడు, తరువాత దానిని తానే సృష్టించాడు. అంటే సంఘటనల ప్రకారం గతం అచంచలం. కానీ కాలంలో జోక్యం చేసుకున్నవారు తమ పూర్వరూపాలనే చంపుకున్నారని హెర్మయొనీ హెచ్చరిస్తుంది. చెప్పిన నియమం ఒకటి, చూపిన నియమం మరొకటి. వైరుధ్యం అక్కడ ఉంది.

2003 నాటి ఐదవ నవలలోని పోరాటంలో టైమ్ టర్నర్లు పగిలిపోయాయి. మంత్రిత్వశాఖ నిల్వ మొత్తం ధ్వంసమైందని 2005 నాటి ఆరవ నవల ధ్రువీకరించింది. దీనితో సాధనం తొలగింది కానీ నియమం పరిష్కారం కాలేదు. 2016లో లండన్‌లో ప్రదర్శితమైన ‘కర్స్‌డ్ చైల్డ్’ నాటకంలో మరో టైమ్ టర్నర్ వచ్చి, గతం నిజంగానే మారింది.

5. తెలుగు సందర్భం:
పింగళి నాగేంద్రరావు రచనతో కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘పాతాళభైరవి’ (1951) చిత్రంలో మాయానియమం అతి సరళం. తగిన లక్షణాలుగల వీరుని బలి ఇస్తే కోరికలు తీర్చే విగ్రహం దక్కుతుంది. బలి ఎవరు ఇవ్వాలో నియమం చెప్పదు. అందుకే తోట రాముడు మాంత్రికునే బలి ఇవ్వగలిగాడు. విగ్రహం పట్టుకున్నవారి గుణదోషాలను ఎంచదు. అందుకే అది తిరిగి బ్రతికిన మాంత్రికుని చేతికి చేరగానే రాముని వైభవం మాయమైంది. నాయకుని గెలిపించిన లొసుగే అతనిని ఓడించింది. నియమం ఇద్దరికీ సమంగా వర్తించింది.

6. ముగింపు:
పై ఉదాహరణలను బట్టి లొసుగు ఉండటం దోషం కాదు. వాడుకున్న తరువాత అది ఏమవుతుందన్నదే ప్రమాణం. హిరణ్యకశిపుని వరం, నాజ్‌గూల్ జోస్యం అతనితోనే ముగిశాయి. నివెన్ చక్రం మూల్యం కోరింది. పాతాళభైరవి విగ్రహం ప్రత్యర్థికీ లొంగింది. టైమ్ టర్నర్ మాత్రం వాడుకోవలసిన అవసరం ఉన్నవారికి అందుబాటులో ఉండి కూడా, వాడకపోవడానికి తగిన కారణం లేకుండా మిగిలిపోయింది. అలా మిగిలిన శేషమే దోషం. జానపద చిత్రాలను, మాయాకథలను ‘తర్కం లేనివి’ అని ఒక్కమాటలో పక్కనపెట్టే విమర్శ ఈ భేదాన్ని గమనించవలసి ఉంది. ఆ కథలు తర్కాన్ని విడిచిపెట్టలేదు. తమ తర్కాన్ని తామే నిర్మించుకుని దానికి బద్ధమై నడిచాయి. వాటిని ఆ ప్రమాణంతోనే పరీక్షించడం న్యాయం.