సైకిలు ఫ్రేము మన్నిక

సైకిలు ఫ్రేము ఆయుష్షు దాని పదార్థం, వాడకం, వాతావరణాలపై ఆధారపడుతుంది. ఒత్తిడి ఒక హద్దు దాటనంతవరకు ఉక్కు ఫ్రేము అలసి పగలదు. దాని అసలు శత్రువు తుప్పు. విశాఖపట్నం లాంటి తీర నగరాల్లో సముద్రపు ఉప్పుగాలి ఈ ముప్పును పెంచుతుంది. సీటు గొట్టంలోంచి దిగిన వాననీరు పెడళ్ల ఇరుసు దగ్గర నిలిచి లోహాన్ని లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు పొంగుతుంది. గీరితే ఎర్రని పొడి రాలుతుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపులు సైతం ఏళ్లతరబడి పోగుపడి వెల్డింగు అతుకుల దగ్గర పగుళ్లు తెస్తాయి. టైటానియం ఉప్పుగాలికి తుప్పు పట్టదు. కార్బన్ ఫైబర్‌కు గట్టి దెబ్బ తగిలితే పైకి కనిపించకుండానే లోపలి పొరలు విడిపోవచ్చు. ఏ ఫ్రేములోనైనా పగులు కనిపిస్తే ఆ సైకిలు తొక్కకూడదు.