మంగలి కత్తికి వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు

పాత మంగలి కత్తులు సేకరించేవాళ్లు ముందు వెడల్పు అడుగుతారు. అంగుళాన్ని 8 భాగాలు చేసి, 5 భాగాలుంటే 5/8, ఆరుంటే 6/8, నిండు అంగుళమైతే 8/8 అని లెక్క. నన్నడిగితే ముందు చూడాల్సింది పక్కలు ఎట్లా తీశారనేది.

ఇంగ్లండులోని షెఫీల్డు దగ్గర 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మూసలో ఉక్కు కరిగించాడు. మరీ గట్టిగా ఉందని అక్కడి కత్తులవాళ్లు మొదట వద్దన్నారట! తర్వాత ఆ ఉక్కుతోనే షెఫీల్డుకు పేరొచ్చింది. (మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కూడా మూస ఉక్కు తీసేవాళ్లు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. అదింకో పోస్టులో.)

అప్పటి కత్తులు గొడ్డలి లాగా వీపు మందంగా, పక్కలు చదునుగా ఉండేవి. సాన పడితే పక్కంతా రాయికి తగులుతుంది, చేతులు పడిపోతాయి. తర్వాత జర్మనీలో జోలింగెన్ పనివాళ్లు చిన్న సానచక్రాలతో రెండు పక్కలూ లోపలికి గుల్లగా తీశారు. ఇక రాయికి తగిలేది వీపూ, వాదరే. పని తేలిక. కానీ అలుగు పల్చన, బిరుసు గడ్డం మీద వణుకుతుంది. అక్కడ బరువు కత్తే నయం.

కొడవలి అరిగినట్టే ఇదీ అరుగుతుంది. ఇవాళ 5/8 ఉన్నది మొదట్లో 6/8 అయ్యుండొచ్చు. వీపు మీద చదునుగా మెరిసే పట్టీ వెడల్పుగా ఉంటే అదే గుర్తు. వీపూ వాదరా కలిసి అరిగితే కోణం పెద్దగా చెడదు. తాతల కత్తి ఇంట్లో ఉంటే మాత్రం కొడవళ్లు పట్టే కరెంటు చక్రం మీద పెట్టించకండి. వేడికి ఉక్కు పదును దిగిపోతే మళ్లీ రాయి మీద ఎంత రుద్దినా రాదు.