ట్రాక్టరు పీటీవో షాఫ్టు రక్షణ తొడుగు

ట్రాక్టరు వెనుక నుండి నూర్పిడి యంత్రం, రోటవేటరు వంటి పనిముట్లకు శక్తిని చేరవేసే తిరుగుడు షాఫ్టు మనిషికి తగలకుండా కప్పి ఉంచే కవచాన్ని పీటీవో షాఫ్టు రక్షణ తొడుగు అంటారు. పీటీవో అనగా పవర్ టేక్ ఆఫ్. ఇంజను శక్తిని బయటి యంత్రానికి అందించే ఏర్పాటుకు ఇది పేరు. పాత ట్రాక్టర్లలో ఈ తొడుగు విరిగిపోవటం వలన గానీ, పని తొందరలో విప్పి పక్కన పెట్టటం వలన గానీ తరచుగా లోపిస్తుంది. అటువంటి ట్రాక్టరుకు తొడుగులోని ముఖ్యభాగాలను చిన్న పట్టణపు వెల్డింగు దుకాణంలోనే తయారు చేయించుకోవచ్చు. అయితే షాఫ్టు తిరుగుతున్నప్పుడు తొడుగు తిరగకూడదు. తగిలించటానికీ, గ్రీజు పెట్టటానికీ దానిని విప్పవలసిన అవసరం రాకూడదు. ఈ రెండు గుణాలు లేని తొడుగు వలన ప్రయోజనం లేదు.

షాఫ్టు, దాని వేగం

ట్రాక్టరు వెనుక పొడుచుకొని ఉండే పీటీవో కొన సాధారణంగా 35 మిల్లీమీటర్ల వ్యాసంతో, 6 పళ్ళతో ఉంటుంది. ఇంజను నిర్ణీత వేగంలో ఉన్నప్పుడు ఇది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ట్రాక్టరు వెనుక నిలబడి చూస్తే గడియారపు ముల్లు దిశలోనే తిరుగుతుంది. పెద్ద ట్రాక్టర్లలో నిమిషానికి 1000 చుట్లు తిరిగే రకం కూడా ఉంది. ఈ కొనకూ పనిముట్టుకూ మధ్య, రెండు చివరల క్రాస్ జాయింట్లు ఉండి, పొడవు పెరిగి తగ్గే షాఫ్టును తగిలిస్తారు.

540 చుట్లు అంటే సెకనుకు 9 చుట్లు. క్రాస్ జాయింటు ఉన్న చోట షాఫ్టు వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకొంటే, ఒక్క చుట్టుకు 31 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకొంటుంది. ఆ లెక్కన ఒక సెకనులో దాదాపు 2.8 మీటర్ల గుడ్డ లోపలికి పోతుంది. పంచె గానీ, చీర కొంగు గానీ చిక్కుకొంటే మనిషి గమనించి వెనక్కు లాగుకొనేందుకు వ్యవధి ఉండదు. బలంతో ఆపటం కూడా సాధ్యం కాదు. పీటీవో వద్ద 30 హార్స్‌పవర్ అందుతుంటే, కేంద్రం నుండి 5 సెంటీమీటర్ల దూరంలో లాగుడు బలం సుమారు 800 కిలోల బరువుకు సమానమవుతుంది.

ప్రమాదం జరిగే తీరు

నున్నగా కనిపించే షాఫ్టు ప్రమాదకరం కాదని చాలామంది అనుకొంటారు. గుడ్డను పట్టుకొనేవి షాఫ్టు మీది చిన్న చిన్న ఎత్తులే. బయటికి పొడుచుకొని ఉన్న బోల్టు తల, పిన్నుకు బదులుగా చుట్టిన ఇనుప తీగ, గ్రీజు నిప్పిల్, ఎండిన బురద వంటివి గుడ్డ అంచును పట్టుకొని మొదటి చుట్టు వేస్తాయి. ఆ తరువాత గుడ్డ తనమీద తానే బిగుసుకొంటుంది.

ప్రమాదాలు ఎక్కువగా జరిగే సందర్భాలు ఇవి: తిరుగుతున్న షాఫ్టును దాటి అవతలికి అడుగు వేయటం, షాఫ్టు పక్కన వంగి గింజలు ఊడ్వటం, నూర్పిడి యంత్రం నోట ఇరుక్కొన్న చొప్పను ఇంజను ఆపకుండా లాగటం, రాత్రిపూట చాలని వెలుతురులో పని చేయటం. క్లచ్చి తొక్కినా షాఫ్టు వెంటనే నిలవకపోవచ్చు. నూర్పిడి డ్రమ్ము బరువు దానిని మరికొంతసేపు తిప్పుతూనే ఉంటుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1918లో తన 8-16 ట్రాక్టరుకు పీటీవోను అమర్చింది. 1927లో అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం పీటీవో వేగానికీ, కొలతలకూ ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది. దాని వలన ఒక సంస్థ ట్రాక్టరుకు మరో సంస్థ పనిముట్టును తగిలించటం సులభమైంది. షాఫ్టు వాడకం పెరిగిన కొద్దీ ప్రమాదాలు కూడా పెరిగాయి.

అమెరికాలో 1976 నుండి అమలైన నిబంధనలు పొలంలో వాడే యంత్రాల పీటీవో షాఫ్టులకు కవచం తప్పనిసరి చేశాయి. ట్రాక్టరు ఎక్కి దిగేటప్పుడు 250 పౌండ్ల (సుమారు 113 కిలోల) మనిషి కాలు మోపినా కప్పు శాశ్వతంగా వంగరాదని ఆ నిబంధనలు చెబుతాయి. కప్పును మెట్టుగా వాడటం ఎక్కడైనా జరిగేదే కనుక, స్థానికంగా తయారు చేసేవారు కూడా ఈ కొలతను గుర్తుంచుకోవాలి.

భారతదేశంలో 1959లో ఐషర్ సంస్థ ఫరీదాబాదులో ట్రాక్టరు తయారీని ప్రారంభించింది. తరువాతి రెండు దశాబ్దాలలో మాసీ ఫెర్గూసన్, ఇంటర్నేషనల్, హెచ్.ఎం.టి., స్వరాజ్ ట్రాక్టర్లు పల్లెలకు చేరాయి. దుక్కికీ, బండి లాగటానికీ కొన్న ట్రాక్టరే క్రమంగా నూర్పిడికీ, మందు చల్లటానికీ ఆధారమయింది.

నందికొట్కూరు ప్రాంతం

నందికొట్కూరు కర్నూలు నుండి ఆత్మకూరు వెళ్ళే దారిలో ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆ రోజు నుండి నంద్యాల జిల్లాలో చేరింది. ఇక్కడ కర్నూలు-కడప కాలువ కింది తడి భూములు, వానల మీద ఆధారపడే మెట్ట భూములు రెండూ ఉన్నాయి. వరి, మొక్కజొన్న, శనగ వంటి పంటలు పండే ఇటువంటి చోట కోత తరువాత కొద్ది రోజులలోనే నూర్పిడి ముగియాలి. వాన వస్తుందన్న భయం, బాడుగ యంత్రం మరో కళ్ళానికి పోవాలన్న తొందర కలిసి తొడుగును విప్పి పక్కన పెట్టేలా చేస్తాయి. కళ్ళంలో షాఫ్టు చుట్టూ పనిచేసే కూలీలలో స్త్రీలు కూడా ఉంటారు. ట్రాక్టరు యజమాని డ్రైవరు సీటు మీద ఉంటే, ప్రమాదానికి దగ్గరగా ఉండేది ఆ కూలీలే.

తొడుగులోని భాగాలు

పూర్తి రక్షణకు మూడు భాగాలు కావాలి.

1. ట్రాక్టరు కప్పు: పీటీవో కొనను పైనా, రెండు పక్కలా కప్పే తలకిందుల 'యు' ఆకారపు రేకు. దీనిని మాస్టర్ షీల్డు అంటారు.
2. గొట్టపు తొడుగు: షాఫ్టు పొడవునా ఒకదానిలో ఒకటి జారే రెండు ప్లాస్టిక్ గొట్టాలు. చివరలలో గంట ఆకారపు మూతులు ఉంటాయి. లోపల షాఫ్టు తిరుగుతున్నా, గొలుసుతో కట్టిన గొట్టం నిలిచి ఉంటుంది.
3. పనిముట్టు కప్పు: పనిముట్టు గేరు పెట్టె వద్ద జాయింటును కప్పే భాగం.

ఈ భాగాలు ఒకదాని మీదికి ఒకటి కనీసం 50 మిల్లీమీటర్లు రావాలి. మధ్యలో సందు ఉంటే ప్రమాదం అక్కడే జరుగుతుంది.

ట్రాక్టరు కప్పు తయారీ

స్థానికంగా తయారు చేయటానికి అన్నిటికంటే అనువైనది ఈ భాగం. సుమారు 3 మిల్లీమీటర్ల మందపు ఇనుప రేకును ముందుగా అట్ట నమూనాతో కొలత తీసుకొని వంచాలి. పక్క రేకులు షాఫ్టు అడుగు మట్టం కంటే కిందికి దిగాలి. అంచులకు కడ్డీ అతికితే కప్పు గట్టిపడుతుంది, చెయ్యి కోసుకోదు.

కప్పును ట్రాక్టరు వెనుక పెట్టెకు ముందే ఉన్న బోల్టు రంధ్రాలకు బిగించాలి. ఆ పెట్టె పోత ఇనుముతో చేసినది కనుక దాని మీద వెల్డింగు చేస్తే పగుళ్ళు రావచ్చు, వేడికి ఆయిల్ సీలు దెబ్బతినవచ్చు. కొత్త రంధ్రాలు వేయటం కూడా తగదు.

పై రేకును కీలు మీద పైకి ఎత్తేలా అమర్చటం ముఖ్యం. షాఫ్టు తగిలించే ప్రతిసారీ బోల్టులు విప్పవలసి వస్తే, నాలుగో రోజుకు ఆ కప్పు షెడ్డులో ఉంటుంది. బిగించిన తరువాత ఇంజను నడుపుతూ, పీటీవోను మాత్రం కలపకుండా, హైడ్రాలిక్ చేతులను పూర్తిగా ఎత్తి దించి ఏ భాగమూ కప్పుకు తగలటం లేదని చూడాలి.

గొట్టపు తొడుగు

బోరు బావులకు వాడే పీవీసీ గొట్టాన్ని షాఫ్టు మీదికి ఎక్కించి అదే తొడుగు అనుకోవటం సాధారణంగా జరిగే పొరపాటు. బేరింగు రింగులు లేని గొట్టం షాఫ్టును రాసుకొని వేడెక్కుతుంది, క్రమంగా దానితో పాటే తిరగటం మొదలుపెడుతుంది. ఇనుప గొట్టాన్ని షాఫ్టుకే అతికించటం ఇంకా ప్రమాదకరం. అది తిరిగే భాగాన్ని మరింత లావు చేయటమే అవుతుంది.

అసలైన తొడుగు జాయింటు మెడ మీది గాడిలో కూర్చునే నైలాన్ రింగుల మీద నిలుస్తుంది. పాత షాఫ్టుకు గాడి లేకపోతే లేతు మీద కొత్తగా కోయించరాదు, అక్కడ లోహం బలహీనపడుతుంది. తొడుగుతో సహా వచ్చే షాఫ్టును కొనటమే మేలు. ఒకే చోట నిలిపి నడిపే నూర్పిడి యంత్రానికైతే, షాఫ్టు పొడవునా యంత్రపు చట్రానికి బిగించిన రేకు సొరంగాన్ని చేయించవచ్చు. అది షాఫ్టుకు ఎక్కడా తగలదు కనుక రింగుల అవసరం లేదు.

తనిఖీ, వాడకం

ఇంజను ఆపి, తాళం చెవి తీసి, గొట్టాన్ని చేతితో తిప్పి చూడాలి. షాఫ్టు కదలకుండా గొట్టం సులభంగా తిరిగితే తొడుగు సరిగా ఉన్నట్లు. బిగుసుకొని ఉంటే రింగులు మార్చాలి. తిరుగుతున్నప్పుడు చేతితో పరీక్షించరాదు. రెండు చివరల గొలుసులు కట్టి ఉండాలి. పిన్ను స్థానంలో పొడవైన బోల్టు, తీగ వాడరాదు. గ్రీజు పెట్టటానికి గంట మూతిలో రంధ్రం ఉండాలి. షాఫ్టు వాడనప్పుడు పీటీవో కొనకు టోపీ తొడగాలి.

ఎవరైనా చిక్కుకొంటే మొదట ఇంజను ఆపాలి. షాఫ్టును వెనక్కు తిప్పి విడిపించే ప్రయత్నం చేయకుండా గుడ్డను కత్తిరించాలి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి 108కి ఫోను చేయాలి. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచాలి. మంచు నేరుగా తగలరాదు.

చట్టాలు, ప్రమాణాలు

తిరిగే యంత్రభాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను చెప్పింది. అయితే అది కర్మాగారాలకు ఉద్దేశించినది, రైతు కళ్ళానికి వర్తించలేదు. నూర్పిడి యంత్రాల వలన అవయవాలు కోల్పోయిన వారి సమస్య జాతీయస్థాయిలో చర్చకు రావటంతో పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ఇది ప్రధానంగా నూర్పిడి యంత్రాల తయారీ, అమ్మకం, వాడకానికి సంబంధించినది. పీటీవో కొలతలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4931, నూర్పిడి యంత్రాల భద్రతకు ఐ.ఎస్. 9020 ఉన్నాయి. ట్రాక్టర్లు, పనిముట్ల పరీక్ష, శిక్షణ కొరకు రాయలసీమలో అనంతపురం జిల్లా గార్లదిన్నె వద్ద కేంద్రప్రభుత్వ సంస్థ ఒకటి పనిచేస్తున్నది.

ఈ ప్రమాణాలు కొత్త యంత్రం అమ్మకం నాటి స్థితిని నిర్దేశిస్తాయి. ముప్పై ఏళ్ళ కిందట కొన్న ట్రాక్టరు వెనుక కప్పు ఉన్నదా లేదా అన్నది మాత్రం దాని యజమాని, మెకానిక్కుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

ట్రాక్టరు
నూర్పిడి యంత్రం
రోటవేటరు
నందికొట్కూరు