నింద నుండి ఆదరణకు: సెరిబ్రల్ పాల్సీ పిల్లల సంరక్షణ చరిత్ర

1. ఉపోద్ఘాతం

ఎదుగుతున్న మెదడుకు పుట్టుకకు ముందో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో కలిగిన హాని వలన కదలికలూ, శరీర నిలకడా దెబ్బతినే స్థితిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. తెలుగులో మస్తిష్క పక్షవాతమని వ్రాస్తారు. మెదడుకు కలిగిన హాని పెరగదు. కాని సంరక్షణ లేకపోతే కండరాలు బిగుసుకొని, కీళ్లు వంకరపోయి, బిడ్డ ఎదిగేకొద్దీ ఇబ్బంది పెరుగుతుంది. దీని చరిత్రలో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి: "ఇది ఎవరి వలన కలిగింది?", "ఈ బిడ్డకు ఏమి కావాలి?" రెండవ ప్రశ్నను ముందుకు తెచ్చినది ఎవరో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. కారణాన్వేషణ

లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ (1810–1894) చిన్ననాటి జబ్బు వలన వంకరపోయిన పాదంతో పెరిగాడు. 1836లో హానోవర్ నగరంలో స్ట్రోమేయర్ అనే శస్త్రవైద్యుడు ఆ పాదాన్ని సరిచేశాడు. 1861లో లిటిల్ లండన్ ప్రసూతి వైద్యుల సంఘం ఎదుట చేసిన ప్రసంగంలో, పిల్లల అవయవాలు బిగుసుకుపోవడానికి కష్టమైన కాన్పు, నెలలు నిండని పుట్టుక, పుట్టేటప్పుడు ఊపిరాడకపోవడం కారణాలని చెప్పాడు. చాలాకాలం దీనిని 'లిటిల్ వ్యాధి' అనే పిలిచారు.

1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వేరొక మాట చెప్పాడు. కష్టమైన కాన్పే కొన్నిసార్లు గర్భంలో ముందే మొదలైన లోపానికి సూచన కావచ్చునన్నాడు. ఆ మాటకు అప్పట్లో ఆదరణ దొరకలేదు. 1986లో నెల్సన్, ఎల్లెన్‌బర్గ్‌ల పరిశోధన వెలువడిన తరువాతనే, కాన్పులో ఊపిరాడక కలిగే సందర్భాలు కొన్నేనని వైద్యలోకం ఒప్పుకొన్నది. ఈ మధ్యకాలంలో ఎందరు తల్లులు, ఎందరు మంత్రసానులు తాము చేయని తప్పుకు నిందను మోశారో చెప్పలేము.

3. ఎదిగిన పిల్లల సాక్ష్యం

1932లో డబ్లిన్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టిన క్రిస్టీ బ్రౌన్‌కు తెలివి లేదని వైద్యులు తేల్చారు. తల్లి ఒప్పుకోలేదు. అయిదేళ్ల వయస్సులో అతడు ఎడమకాలి వేళ్లతో సుద్దముక్క పట్టుకోగా, ఆమె నేల మీద అక్షరం వ్రాసి నేర్పించింది. 1954లో అతని ఆత్మకథ 'మై లెఫ్ట్ ఫుట్' వెలువడింది.

మన దేశంలోనూ ఒక తల్లే దారి చూపింది. మిథు ఆలూర్ తన కుమార్తె మాలినికి ఇక్కడ తగిన బడి దొరకక, ఇంగ్లండులోని పద్ధతులను చూచి వచ్చి, 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించింది. మాలిని ఒక్క వేలితో టైపు చేస్తూ ఉన్నత విద్య ముగించి, తన జీవితకథను తానే వ్రాసింది.

4. చికిత్సలో మార్పు

శరణార్థులుగా లండన్ చేరిన బెర్తా, కారెల్ బోబత్ దంపతులు 1951లో అక్కడ ఒక చికిత్సా కేంద్రం ప్రారంభించారు. బిడ్డను ఎలా ఎత్తుకోవాలి, ఎలా కూర్చోబెట్టి తినిపించాలి అన్నవి తల్లిదండ్రులకే నేర్పారు. నేటి పరిశోధనలు మరొక అడుగు ముందుకు వేశాయి. ఇతరులు బిడ్డ కాళ్లు చేతులు కదిలించడం కంటే, బిడ్డ తనకు కావలసిన పనిని ఇంటిలోనే, స్వయంగా, మళ్లీ మళ్లీ చేయడం మేలని తేల్చాయి. గిన్నె పట్టుకోవడం, గడప దాటడం కూడా చికిత్సే.

5. చట్టము, సంఘము

1995 చట్టం వైకల్యంగల పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను వాగ్దానం చేసింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం సెరిబ్రల్ పాల్సీని పేరుపెట్టి చేర్చింది. 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం ఈ హక్కులను విస్తరించింది. అయినను చట్టం గుడి మెట్లు ఎక్కించలేదు. బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లి "ఎవరి పాపం అయ్యగారూ?" అని నేటికీ అడుగుతున్నది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగినదీ ఇదే. ప్రభువు ఆ ప్రశ్నను నిరాకరించాడు. కొందరు ప్రార్థన పేరుతో ఫిజియోథెరపీ మాన్పించడం చూస్తున్నాము. అలా పోయిన నెలలలో బిగిసిన కీళ్లను మరల సాగదీయడం కష్టం.

6. ముగింపు

ఈ చరిత్రలో తల్లులు ముందు నడిచారు, వైద్యము వెనుక వచ్చింది, చట్టము ఆ తరువాత వచ్చింది. సంఘము ఎక్కడ నిలుస్తుంది? ప్రార్థించిన కాపరి ఆ బిడ్డను థెరపీకి తీసికొనిపోవడానికి ఒక మనిషిని, బస్సు ఛార్జీని కూడా ఏర్పాటు చేయాలి. సండే స్కూలులో ఆమెకొక కుర్చీ వేయించాలి. ఆదరణ అక్కడ మొదలవుతుంది.