షాలిమార్‌లో దిగేవారికి: కోల్‌కతాలో మన వాటా

రాజధాని నగరాలను పరిచయం చేసే పుస్తకాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. చూడదగ్గ కట్టడాలు, దిగదగ్గ హోటళ్లు, దొరికే భూమి, ఇచ్చే రాయితీలు. ఆ నగరానికి ఎవరు ఏమి ఇచ్చారు, ఇచ్చినవారికి తిరిగి ఏమి దక్కింది అన్న లెక్క వాటిలో కనిపించదు. పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతాను తెలుగు బౌద్ధులు ఆ లెక్కతోనే చూడాలి. ఎందుకంటే అక్కడ మన వాటా ఉంది.

మనవాళ్లు చాలామంది ఆ నగరంలో అడుగుపెట్టేది షాలిమార్ స్టేషన్‌లోనే. హైదరాబాదు నుంచి వచ్చే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్, చెన్నై నుంచి విజయవాడ, విశాఖపట్నం మీదుగా వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడే ఆగిపోతాయి. నిజానికి షాలిమార్ కోల్‌కతాలో లేదు. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాలో ఉంది. చాలాకాలం సరుకుల యార్డుగానే దానికి పేరు. దానికి దగ్గరలోనే 1787లో మొదలైన బొటానికల్ గార్డెన్ ఉంది. మన సామర్లకోటలో మొక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో దాని బాధ్యత తీసుకున్నాడు. అక్కడి నుంచి 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు దాటితే కోల్‌కతా.

ఈ నగరం 1911 దాకా బ్రిటిష్ ఇండియాకు రాజధాని. ఆ ఏడాది డిసెంబరులో రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాక బెంగాల్ ప్రావిన్సుకు రాజధానిగా మిగిలింది. అధికారం తరలిపోయినా అంతకు ముందు పోగుపడిన జ్ఞానం తరలిపోలేదు. దానిలో తెలుగు నేల పాలు తక్కువేమీ కాదు.

ముందుగా కాలేజ్ స్క్వేర్‌కు వెళ్దాం. పుస్తకాల దుకాణాల నడుమ మహాబోధి సొసైటీ వారి ధర్మరాజిక చైత్య విహారం ఉంది. అనగారిక ధర్మపాల 1891లో కొలంబోలో స్థాపించిన ఆ సంస్థ మరుసటి ఏడాదే కలకత్తాకు వచ్చింది. ఆ 1892లోనే మన భట్టిప్రోలు స్తూపంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపి, బ్రాహ్మీ శాసనాలున్న రాతి పేటికలను, వాటిలోని ధాతువులను వెలికితీశాడు. 1920 నవంబరులో విహారం ప్రారంభమైనప్పుడు అందులో ప్రతిష్ఠించడానికి ప్రభుత్వం అందజేసినది ఆ భట్టిప్రోలు ధాతువే. బెంగాల్ గవర్నరు లార్డ్ రోనాల్డ్‌షే చేతి నుంచి సొసైటీ అధ్యక్షుడు సర్ అశుతోష్ ముఖర్జీ దానిని అందుకున్నారు. విహార నిర్మాణానికి డబ్బు సాయం చేసినవారిలో హోనోలులుకు చెందిన మేరీ ఫాస్టర్ ముఖ్యురాలు. కృష్ణా తీరపు ధాతువు, సింహళ ఉపాసకుని పట్టుదల, పసిఫిక్ సముద్రపు దీవిలోని ఒక స్త్రీ దానం కలిసి ఆ విహారమయ్యాయి. బుద్ధగయకు పోతూ కోల్‌కతాలో రైలు మారే మనవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

రెండో మజిలీ పార్క్ స్ట్రీట్‌లోని ఏషియాటిక్ సొసైటీ. 1784లో విలియం జోన్స్ స్థాపించాడు. కలకత్తా టంకశాలలో అధికారిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపి గుట్టు విప్పాడు. సాంచిలోని చిన్న చిన్న శాసనాలన్నీ ఒకే అక్షరాలతో ముగియడం గమనించి, ఆ మాట ‘దానం’ అయి ఉంటుందని ఊహించాడు. ఊహ నిజమైంది. శతాబ్దాలుగా ఎవరూ చదవలేని లిపికి తాళంచెవి రాజు బిరుదు కాలేదు, మామూలు మనుషుల దానమైంది. బైరాట్‌లో దొరికిన అశోకుని శాసనం కూడా ఈ సొసైటీలోనే ఉంది. బుద్ధ, ధమ్మ, సంఘాల పట్ల తన విశ్వాసాన్ని అశోకుడు నేరుగా ప్రకటించి, భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినవలసిన ధమ్మ పాఠాలను పేర్కొన్న శాసనమది.

అమరావతి స్తూపాన్ని లోకానికి తెలియజెప్పిన కాలిన్ మెకంజీ కూడా సర్వేయర్ జనరల్‌గా ఈ నగరంలోనే పనిచేశాడు. ఆయన సేకరణకు వెన్నుదన్నుగా నిలిచినవారు తెలుగువారైన కావలి సోదరులు. వారిలో వెంకట రామస్వామి దక్కను కవుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 1829లో కలకత్తాలోనే అచ్చయింది. అమరావతి శిల్పాలు కొన్ని అప్పుడే ఇక్కడికి చేరాయి. చౌరంగీలోని ఇండియన్ మ్యూజియంలో భర్హుత్ స్తూప ప్రాకారాన్ని చూడబోయేవారు అమరావతి రాళ్ల కోసం కూడా వెతకాలి.

మ్యూజియంలోని బౌద్ధాన్ని చూసి, బెంగాల్‌లో బౌద్ధం రాళ్లకే పరిమితమనుకోవద్దు. చిట్టగాంగ్ నుంచి వచ్చిన బారువా బౌద్ధుల కోసం కృపాశరణ్ మహాథేర 1892లో బౌద్ధ ధర్మాంకుర సభ స్థాపించారు. బౌబజార్‌లో వారి విహారం నేటికీ నడుస్తోంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాళీ బోధించిన బేణీమాధవ్ బారువా ఆ సమాజం నుంచి వచ్చినవారే.

బాబాసాహెబ్ అంబేద్కర్‌కూ ఈ నగరం ఋణపడదగిన మేలు చేసింది. 1946లో బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు, జోగేంద్రనాథ్ మండల్ ప్రభృతుల కృషితో ఆయన బెంగాల్ శాసనసభ నుంచి ఎన్నికయ్యారు. దేశ విభజనతో ఆ స్థానం పోయింది. 1947 జూలైలో బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు. అయితే మొదటి తలుపు తెరిచింది బెంగాల్ అణగారిన ప్రజల ప్రతినిధులే. బుద్ధుడు, ఆయన మత భవిష్యత్తు గురించి బాబాసాహెబ్ 1950లో రాసిన ప్రసిద్ధ వ్యాసం అచ్చయింది కూడా కలకత్తా మహాబోధి పత్రికలోనే.

ఇక పెట్టుబడి మాట. పెట్టుబడిదారులకు కోల్‌కతా చూపించే పరిశ్రమల్లో జూటు, తోలు పాతవి. 1855లో రిష్రాలో మొదలైన జూట్ మిల్లులు హుగ్లీ ఒడ్డంతా పరుచుకున్నాక, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి మన కూలీలు టిటాగఢ్ వంటి చోట్లకు వలస వచ్చారు. తోలు పని చేసినవారెవరో చెప్పనక్కరలేదు. టాంగ్రా, టిల్జలా, తోప్సియా టానరీల మురుగు నగరాన్ని పాడుచేస్తోందని, వాటిని నగరం వెలుపలికి తరలించాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 19న తీర్పు చెప్పింది. బాంతలాలోని లెదర్ కాంప్లెక్స్ ఆ తరలింపుకు గమ్యమైంది. న్యాయశాస్త్రం చదివినవారు ఆ తీర్పులో కాలుష్యం భాగం ఎక్కువగా చెప్పుకుంటారు. కొత్త చోటికి వెళ్లే కార్మికుల ఉద్యోగం కొనసాగాలని, తరలింపు కాలంలోనూ వారికి జీతం అందాలని చెప్పిన భాగం కూడా అంతే ముఖ్యం.

ఇక్కడ అమరావతి శాసనమొకటి గుర్తుచేసుకోవాలి. ఉపాధ్యాయుడు నాగుని కొడుకు విధికుడు అనే చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకు, కూతుళ్లతో కలిసి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేశాడు. తన వృత్తిని దాచుకోలేదు. స్తూపం కూడా అతని పేరును దాచలేదు. తోలు పనివాడు దాతగా, పేరుతో సహా నిలిచిన నేల మనది. ఈనాటి రాజధానుల్లో తోలు సంచి మీద వ్యాపారి పేరే ఉంటుంది, కుట్టినవాడి పేరు ఉండదు.

బుద్ధుడు పెట్టుబడిని తప్పు పట్టలేదు. సిగాలోవాద సుత్తంలో ఆదాయాన్ని నాలుగు పాళ్లు చేసి, ఒకటి అనుభవానికి, రెండు వ్యాపారానికి, ఒకటి ఆపద కాలానికి ఉంచుకోమన్నాడు. అదే సుత్తంలో పనివాడి శక్తికి తగ్గ పని, కూడు, కూలి, జబ్బు చేస్తే సేవ, వేళకు విశ్రాంతి ఇవ్వడం యజమాని విధులని చెప్పాడు. పెట్టుబడి గురించి చెప్పిన చోటనే కూలి గురించీ చెప్పడం గమనించాలి.

అమరావతి పేరు ఇప్పుడు మన రాజధాని పేరు. దానినీ పెట్టుబడిదారులకు పరిచయం చేస్తున్నారు. బుద్ధుని విగ్రహాన్ని కరపత్రం మీద అచ్చువేస్తే సరిపోదు. ఆ నగరం కట్టే కూలీకి విధికునికి దక్కినంత చోటు దక్కుతుందా అని మనం అడగాలి. కోల్‌కతాకు వెళ్లేవారు షాలిమార్‌లో దిగాక ఒక్క రోజు కేటాయించండి. ఉదయం మ్యూజియం, మధ్యాహ్నం ఏషియాటిక్ సొసైటీ, సాయంత్రం కాలేజ్ స్క్వేర్ విహారం. పిల్లలను వెంట తీసుకెళ్లండి. భట్టిప్రోలు ఎక్కడుందో, అక్కడి ధాతువు ఇక్కడికి ఎలా వచ్చిందో వారికి ఆ విహారంలోనే చెప్పండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.