మనుచరిత్రమున హిమవంతము: ప్రవరుని యల్పత్వము

ప్రబంధములందలి ప్రకృతివర్ణనములు కథకు భూషణములే కాని యంగములు కావనియు, అష్టాదశవర్ణనల లెక్క తీర్చుటకై కవులు వానిని జొనిపి రనియు నొక యాక్షేపము చిరకాలముగ వినఁబడుచున్నది. పెక్కు ప్రబంధములయెడ నిది సత్యమే. మనుచరిత్రమునందలి హిమవద్వర్ణనమునకు మాత్ర మిది తగులదు.

ఈ కథకు మూలము మార్కండేయపురాణము. దానిని తిక్కన శిష్యుఁడగు మారన కాకతీయ ప్రతాపరుద్రుని కాలమునఁ దెనిఁగించెను. శ్రీకృష్ణదేవరాయల (1509–1529) యాస్థానకవి యల్లసాని పెద్దన యా స్వల్పకథను బెంచి ప్రబంధముగఁ దీర్చెను. పాదలేపమహిమచే బ్రాహ్మణుఁడు హిమాలయమును జేరుటయు, మంచునీట నా లేపము కరఁగుటయు మూలముననే కలవు. ఆ కొండముందు మనుష్యుఁ డెంతవాఁడో చూపుట పెద్దన చేసిన పని.

ప్రవరుఁడు పర్వతమును గాంచిన ప్రసిద్ధపద్యము చంపకమాల. అనఁగా 84 అక్షరములు. అందు నరుఁడును, నాతని రాకయుఁ, జూపును మొదటి 10 అక్షరములలో ముగిసిపోయినవి. తక్కిన 74 అక్షరములును గొండవే. ఆకాశము నంటు శిఖరములు, సెలయేళ్ల తరంగధ్వనికిఁ బురివిప్పి యాడు నెమళ్లు, ఏనుఁగుల తొండములకుఁ గదలు చెట్లు దీర్ఘసమాసములై పద్యమంతయు నాక్రమించును. కొండ పేరు కట్టకడపటఁ గాని రాదు. చదువరి యప్పటికి బ్రాహ్మణుని మఱచియే యుండును.

మధ్యాహ్నఘట్ట మింతకంటె సూక్ష్మము. ఈ నగమహిమ నెన్నుట బ్రహ్మకును దరము కాదని ప్రవరుఁడే యొప్పుకొనును. ఒప్పుకొనుచునే తక్కిన వింతలు ఱేపు చూతునని గడువు పెట్టుకొనును! ఎండకుఁ గ్రాఁగిన సూర్యకాంతశిలలమీఁద మంచు కరఁగు చప్పుడు లాతనికిఁ గర్మకాలమును దెలుపు గంటలైనవి. ఆ కరఁగిన మంచే తన కాళ్ల పసరును గడిగివైచిన దని పాప మెఱుఁగఁడు. కొండ యాతని ద్వేషింపలేదు, కరుణింపలేదు. కాళిదాసుని కుమారసంభవమున హిమవంతుఁడు మునులను బూజించి మాటలాడు గృహస్థుఁడు, పార్వతికిఁ దండ్రి. పెద్దన కొండకు నోరు లేదు.

వరూధినిని దిరస్కరించి ప్రవరుఁ డిలు చేరెను గదా, యిది మానవవిజయము కాదా యని కొంద ఱనవచ్చును. ఆతని నిష్ఠ కొనియాడఁదగినదే. అయిన నాతఁడు కొండను గెలువలేదు. త్రోవ కానక యగ్నిని శరణు వేఁడి, యా దేవుని తేజముచే నింటికిఁ బోఁగలిగెను. మఱియు నాతఁడు విడిచిన కొండమీఁదనే కథ యాతఁడు లేకయే సాగినది. స్వరోచి జననమునకు గంధర్వుఁడు దాల్చిన ప్రవరరూపమే చాలినది.